చేత్తో బిగించినంత

జూలై 3

మళ్ళీ పనిలోకి వెళ్ళాను. ల్యాబులో అడుగు పెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు, నేనేదో పెద్దమనిషినైనట్టు. కూర్చోమన్నాను. కూర్చున్నారు.

నా బల్ల మీద దుమ్ము లేదు. ఎవరో తుడుస్తున్నారు. ఆమె బల్ల మీదా లేదు.

పదకొండు నడుస్తోంది.

జూలై 4

రాయడమంటూ మొదలుపెట్టాను గనక ల్యాబులో రాసినట్టే రాయాలి. ఏం చేశాను, ఏం చూశాను. ఏమనుకున్నాను అన్నది అక్కర్లేదు.

చేసింది: పొడి కలిపి మరలో వేశాను.

చూసింది: నేను లేని రోజుల్లో కొత్తమ్మాయి పెట్టిన బ్యాటరీ సెల్స్ అన్నీ చచ్చిపోయాయి. వారం కూడా నిలవలేదు. టెస్టర్ అరలో ఛానెళ్ళన్నిటికీ ఎర్ర దీపాలు. పదకొండో ఛానెల్ ఒక్కటే పచ్చగా ఉంది. అందులోది ఆమె చేసిన సెల్. చలి మొదలైన రోజుల్లో పెట్టింది. రోజుకోసారి నిండుతుంది, ఖాళీ అవుతుంది, మళ్ళీ నిండుతుంది.

జూలై 6

ఇంట్లో ఏ సీసాకీ మూత సరిగ్గా బిగించి లేదు. పంచదార, ఉప్పు, కాఫీ పొడి, అన్నిటికీ మూత ఊరికే ఆనించి ఉంది. చీమలు పట్టవూ? అన్నీ బిగించాను.

జూలై 7

"కాఫీ పొడి సీసా మూత ఎవరు బిగించారు?" అని అడిగింది అత్తయ్య.

"నేనే."

"మళ్ళీ తెరిచే ఉద్దేశం లేదా నాయనా? మనిద్దరం ఇక కాఫీ మానేసినట్టేనా?"

తీసిచ్చాను. ఆవిడ కాఫీ కలిపి, మూత ఆనించి వదిలేసింది. ఆవిడ స్నానానికి వెళ్ళాక మళ్ళీ బిగించాను.

కూతురికి జబ్బని తెలిసి వచ్చింది ఆవిడ. కూతురు పోయింది. ఆవిడ పెట్టె ఇప్పటికీ మంచం పక్కన సర్దినట్టే ఉంది. వెళ్తాననదు, ఉంటాననదు. నేనూ అడగను.

జూలై 10

ఇన్నేళ్ళూ ల్యాబులో మా ఆలుమగలిద్దరి పనీ ఇంతే: నేను పొడి, ఆమె బిళ్ళ. గంధకం కలిసిన ఆ పొడిని నేను ఫర్నేసులో కాల్చి ఇస్తే, ఆమె గ్లవ్ బాక్సు ముందు కూర్చుని దాన్ని ప్రెస్సు కింద బిళ్ళగా నొక్కేది. తడిగాలి తగిలితే పాడవుతుంది గనక పని మొత్తం ఆ అద్దాలపెట్టె లోపలే. పెట్టెకి అమర్చిన రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి చెయ్యాలి. బిళ్ళకి ఒకవైపు లిథియం రేకు, ఇంకోవైపు గంధకం పెట్టి, పైనా కిందా ఉక్కు పలకలు వేసి మూడు బోల్టులతో బిగించేది. నన్ను 'పొడిగారూ' అని పిలిచేది. అందరి ముందూ.

బోల్టుల సంగతిలో మాత్రం ఆమెకి హాస్యం లేదు. రెంచి 'టక్'మనేదాకా తిప్పాలి. టక్‌మంటే చాలినంత బిగువు వచ్చినట్టు. ఆ తర్వాత నట్టు మీదా పలక మీదా కలిసేటట్టు ఎర్ర మార్కరుతో ఒకే గీత గీయాలి. నట్టు పిసరు కదిలినా గీత రెండు ముక్కలవుతుంది. "దొంగ దొరికిపోతాడు" అనేది. ఎంతమందికి నేర్పిందో.

ఇప్పుడు బిళ్ళలు కూడా నేనే నొక్కుతున్నాను. టక్‌మన్నాక ఇంకో పిసరు తిప్పుతున్నాను. మంచిదే కదా.

జూలై 12

వంటింట్లో కుక్కర్ కూసింది. అత్తయ్యా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

కుక్కరే.

జూలై 13

నిన్నటిది సగంలో ఆపేశాను. ఆమె కుక్కర్‌లా కూసేది. నోటితోనే. అత్తయ్య మా ఇంటికి వచ్చినప్పుడల్లా టీవీ ముందునుంచి లేచి పరిగెత్తి, వెలిగించని పొయ్యి ముందు నిలబడేది. "నీ నోట్లో దుమ్ముపడ, నా మోకాళ్ళు ఎవరు తెచ్చిస్తారే!" అనేది. ల్యాబులో నా ఫర్నేసు పని పూర్తయితే పిట్టలా అరుస్తుంది. ఆమె తలుపు చాటున నిలబడి అచ్చం అలాగే అరిచేది. నేను తొడుగులు వేసుకుని లేచేవాణ్ణి. ప్రతిసారీ లేచేవాణ్ణి. ఫర్నేసు డిగ్రీలు చూస్తే తెలిసిపోతుంది కదా అని ఒక్కసారీ తోచలేదు.

జూలై 15

పెద్దాయన పిలిచాడు. మా డైరెక్టరు. ఏ మాటైనా ఆయనకి మూడోసారి చెబితేగాని ఎక్కదు, ఆయనా ఏ మాటైనా మూడోసారి గట్టిగా అంటాడు. ఆమె ఆయన్ని 'మూడో కూత' అనేది.

"ఎలా ఉన్నావయ్యా?"

"బాగానే ఉన్నానండీ."

"ఆ పదకొండు సంగతి ఆలోచించావా?"

"నడుస్తోందండీ."

"నడుస్తోందనే కదా అడుగుతున్నాను. అన్నీ చస్తుంటే అదొక్కటే ఎందుకు బతికుంది? తెరిచి చూడాలి. చచ్చాక తెరిస్తే ఏముంటుంది, బూడిద. బతికుండగా తెరవాలి."

ఇంకొన్నాళ్ళు చూద్దామన్నాను. ఒక్కసారి తెరిస్తే మళ్ళీ మూయడం కుదరదు. అది ఆయనకీ తెలుసు.

"ఆవిడ బోల్టులు ఎంత బిగించింది? రూలు ప్రకారమేనా?"

"రూలు ప్రకారమే. ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. మూడు బోల్టులు, మూడు టక్కులు. విన్నాను."

ఇది మొదటి కూత.

జూలై 16

విన్నాను. ఇంటికి వెళ్దామని పిలవడానికి వెళ్ళాను. అటు తిరిగి బూట్ల మీద తొడుగులు విప్పుకుంటున్నాను. వెనకనుంచి టక్. కాసేపాగి టక్. ఇంకాసేపాగి టక్. "అయిపోయింది పొడిగారూ, పదండి" అంది. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బాగానే ఉంది. నవ్వుతూనే ఉంది.

జూలై 19

పదకొండులో కరెంటు తగ్గించాను. కొంచెమే. గది వేడిగా ఉంటోంది, ఏసీ సరిగా పనిచెయ్యడం లేదు.

జూలై 20

ఏసీ బాగానే పనిచేస్తోంది.

జూలై 22

అత్తయ్య అన్నం దగ్గర అడిగింది. "అది చేసిన ఆ బ్యాటరీ ఇంకా వెలుగుతోందా?"

"వెలగదు అత్తయ్యా. నడుస్తుంది."

"ఎక్కడికి?"

చాలా రోజులకి నవ్వొచ్చింది. చెప్పాను. ఒకవైపు లిథియం, ఇంకోవైపు గంధకం. మామూలుగా మధ్యలో ద్రవం పోస్తారు. ఆ ద్రవంలో గంధకం కరిగి అవతలికి వెళ్ళిపోయి అంతా పాడుచేస్తుంది. అందుకని మేం ద్రవం బదులు గట్టి బిళ్ళ పెడతాం. లిథియం కణాలు మాత్రం దాన్ని దాటి అటూ ఇటూ తిరగాలి. ఇంకేదీ దాటకూడదు.

ఆవిడ ఆలోచించింది. "అంటే వియ్యాలవారి మధ్య గడపన్నమాట. పిల్ల రావచ్చు, పోవచ్చు. మనం మాత్రం ఎవరింట్లో వాళ్ళుండాలి."

"అంతే."

"పిల్ల పోయినా నేను గడపకి ఈవైపే, మీ ఇంట్లోనే కూర్చున్నాను."

నేను కంచం ముందుకి జరిపాను. మజ్జిగ పోసింది. తర్వాత, "మరి తక్కినవి ఎందుకు పోతున్నాయి?" అంది.

"లిథియం మెత్తటిది అత్తయ్యా. బిళ్ళలో ఎక్కడో సన్నటి బీట ఉంటుంది. అందులోకి పోగులా పాకుతుంది. అవతలి గోడకి తగిలిన క్షణం అయిపోతుంది."

"అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తూనే?"

"ఆఖరి క్షణం దాకా."

ఆవిడ కంచం తీసుకుని లేచింది.

జూలై 24

డాక్టరు అడిగిన మాట ఇవాళ ఎందుకో గుర్తొచ్చింది. "కుడిచేతిలో పట్టు ఎప్పటినుంచి తగ్గిందమ్మా?"

"ఈమధ్యేనండీ. రెండు వారాలు. కావాలంటే ఈయన్ని అడగండి."

ఆయన నావైపు చూశాడు. "అవునండీ, రెండు వారాలే" అన్నాను. రాసుకున్నాడు. తలలో గడ్డ అప్పటికే పెద్దది. ఆ రోజుకి చలి పూర్తిగా పోయింది, ఫ్యాను వేసుకుని కూర్చున్నాం.

జూలై 29

రెండో కూత. మెయిల్లో. చుట్టూ ఉన్నవాళ్ళకి కూడా కాపీ పెట్టాడు.

జవాబివ్వలేదు.

పదకొండు నడుస్తోంది.

ఆగస్టు 2

నావి మూడూ పోయాయి. కొత్తమ్మాయివి రెండు. ఆమె బిళ్ళ నొక్కినంతసేపే నొక్కాను, ఆమె వాడిన రేకే వాడాను, పొడి ఎలాగూ నాదే. ఇంకా గట్టిగా బిగించి చూస్తాను.

ఆగస్టు 5

కొత్తమ్మాయి ఫర్నేసు గదిలోకి వచ్చి తలుపు వేసింది. ఆ పిల్ల తలుపు వెయ్యడం ఇదే మొదలు.

"సార్, పదకొండులో కరెంటు ఎవరో తగ్గించారు."

"ఎవరో కాదు."

"తెలుసు సార్. పాస్‌వర్డ్ మన ఇద్దరికే ఉంది. నేనైతే తగ్గించలేదు."

గోడకి ఆనుకుని నిలబడింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు, కోప్పడింది.

"నావి ఒక్కటీ బతకడం లేదు సార్. రెండేళ్ళయింది. ఇంటినుంచి ఫోనొస్తే, ఇంకా ఆ బిళ్ళలేనా అంటున్నారు. ఉన్న ఒక్కదాని లెక్కా మీరు చెడగొడితే నేనెవరితో పోల్చుకోను? కరెంటు తగ్గించిన రోజునుంచీ అది మేడమ్ సెల్ కాదు. మీరు సాకుతున్న సెల్."

ఫర్నేసు డిగ్రీల వైపు చూశాను.

"క్షమించండి సార్."

"నువ్వెందుకమ్మా."

"పెద్దాయనకి చెప్పను" అంది తలుపు తీస్తూ. "కానీ పాత కరెంటు పెట్టేస్తాను. పెట్టనా?"

పెట్టమన్నాను.

ఆగస్టు 6

సాకుతున్న సెల్.

ఆగస్టు 9

ఇంట్లో రెండు సీసాల మూతలు నావల్లే కాలేదు. వేడినీళ్ళలో ముంచి తీయాల్సి వచ్చింది. అత్తయ్య చూస్తూ నిలబడింది. "ఏమిటి నాయనా, అందులో ఎవర్నైనా దాచావా?" అంది.

ఆగస్టు 12

పదకొండు వణికింది.

తెర మీద వోల్టేజి గీత నున్నగా వెళ్ళాలి. ఇవాళ మధ్యాహ్నం నిండేటప్పుడు ఒకచోట గడగడలాడింది. మళ్ళీ సర్దుకుంది. చూడనివాడికి తెలియదు. తక్కినవన్నీ పోయేముందు ఇలాగే మొదలైంది. ఎక్కడో ఒక పోగు బయల్దేరింది.

కొత్తమ్మాయి పక్కనే ఉంది. ఆ పిల్లా చూసింది.

ఆగస్టు 13

వణకలేదు.

ఆగస్టు 14

వణికింది. రెండుసార్లు.

ఆస్పత్రి ఆఖరి రోజుల్లో అందరూ నన్ను ఒకే మాట అడిగారు, తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ. ముందే ఏమీ కనిపించలేదా అని. లేదన్నాను. ప్రతివాడికీ లేదన్నాను.

ఆగస్టు 16

పెద్దాయన మూడో కూతకి నా గదికే వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆయన నోరు తెరవకముందే నేను అన్నాను.

"సోమవారం తెరుస్తానండీ. నేనే తెరుస్తాను."

ఆయన తుడుస్తూనే ఉన్నాడు. "అవసరం లేదయ్యా. ఆ అమ్మాయి తెరుస్తుంది. నువ్వు చూడకపోయినా..."

"నేనే."

"సరే" అన్నాడు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు. "నాకేదో పేరు పెట్టిందట కదా ఆవిడ?"

"లేదండీ."

"మంచిది. చెప్పకు."

ఆగస్టు 18

చేసింది: పొద్దున పదకొండుని ఆపాను. పచ్చ దీపం ఆరింది. సెల్ గ్లవ్ బాక్సులోకి పంపాను. కొత్తమ్మాయి పక్కన కూర్చుంది, ఫొటోలు తీయడానికి.

చూసింది: మూడు నట్ల మీదా ఎర్ర గీత ఉంది. నట్టు మీదనుంచి పలక మీదికి, ఒక్కటే గీత. ఎక్కడా విరగలేదు. కొంచెం వంకరగా ఉంది. ఆమె గీత వంకరగా ఉండదు.

రెంచి తగిలించి బలమంతా పెట్టాను. రెంచి జారి నా చెయ్యి వెళ్ళి పెట్టె గోడకి కొట్టుకుంది. నట్టు బిగుసుకుపోయి జారిందనుకున్నాను. కాదు. అప్పటికే తిరిగిపోయింది.

రెండో నట్టుకి రెంచి పెట్టలేదు. వేళ్ళతో పట్టుకున్నాను, ఆ మందపాటి రబ్బరు తొడుగులతోనే. తిరిగింది. సీసా మూత తిరిగినట్టు తిరిగింది. మూడోదీ అంతే.

"వదులైపోయాయేమో సార్, ఇన్నాళ్ళలో?" అంది కొత్తమ్మాయి.

"గీత చూడు."

చూసింది. గీత విరగలేదు. వదులు కాలేదు. అవి ఎప్పుడూ అంతకంటే బిగువుగా లేవు.

బిళ్ళ బయటికి వచ్చింది. ఒక మూల మాత్రం వెంట్రుకంత నల్ల పోగు ఇప్పుడిప్పుడే లోపలికి దిగుతోంది. తక్కినదంతా ఆమె నొక్కి పెట్టిన రోజున ఉన్నట్టే ఉంది. లిథియం రేకు ఇంకా మెరుస్తోంది.

కొత్తమ్మాయి ఫొటోలు తీయడం ఆపేసింది. "సార్, బిగువే సార్! మనమే ఎక్కువ నొక్కుతున్నాం. నొక్కితే లిథియం బీటల్లోకి దూరుతోంది. ఇలా అవుతుందని బయట కొందరు రాశారు కూడా. గంధకం ఉబ్బి తగ్గుతుంటుంది కదా, బిగువు లేకపోతే పట్టు తప్పుతుందని మనమే వినలేదు. మేడమ్‌కి తెలుసు!"

తొడుగుల్లోంచి చేతులు తీసుకున్నాను. మూడు టక్కులు విన్నాను నేను.

ఆగస్టు 19

కొత్తమ్మాయిని ఒక పని చెయ్యమన్నాను. ఎందుకని అడగొద్దన్నాను. గ్లవ్ బాక్సు ముందు కూర్చుని ఖాళీ సెల్‌కి మూడు బోల్టులూ రెంచితో బిగించమన్నాను. నేను వెళ్ళి తలుపు దగ్గర, ఆ సాయంత్రం నిలబడ్డచోటే, అటు తిరిగి నిలబడ్డాను.

పంపు మోత. ఇంకేమీ లేదు.

"మొదలుపెట్టమ్మా."

"అయిపోయింది సార్."

"మూడూనా?"

"మూడూ. టక్‌మనేదాకా. చేతికి తెలుస్తుంది సార్, బయటికి వినపడదు. అంత మందం అద్దం, పంపు చప్పుడొకటి."

నేను అటే తిరిగి ఉన్నాను. కాసేపటికి ఆ పిల్ల లేచి వచ్చింది. నా ముందుకి రాలేదు. వెనకే నిలబడింది. "సార్, కుర్చీ తెమ్మంటారా?" అంది.

ఆగస్టు 20

రాయడానికి ఏమీ లేదు.

ఆగస్టు 22

ఆ గదిలో పంపు మోతని మించి, స్పష్టంగా, మూడుసార్లు వినిపించాలంటే ఆ చప్పుడు పెట్టె బయటే పుట్టాలి. మనిషి నోట్లో పుట్టాలి.

ఒక్కో టక్‌కీ మధ్య కాసేపు ఆగింది. బోల్టు తిప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. పనిలో అబద్ధం ఆడినా శుభ్రంగా ఆడింది.

రెంచి తిప్పేటంత పట్టు ఆ రోజుకే లేదు. వేళ్ళతో చేతనైనంత తిప్పి, చేతనైనంత తిన్నగా గీత గీసి, నాకోసం నాలుకతో టక్‌మంది. రెండు వారాలు కాదు. చలి మొదలైన రోజుల నుంచే.

డాక్టరుని కలిసి, అప్పుడే వచ్చి ఉంటే ఏమయ్యేదని అడగొచ్చు. అడగను.

ఆగస్టు 23

అత్తయ్యకి చెప్పాను. చెప్పకూడదనుకున్నాను. ఆవిడ మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. పెట్టె తెరిచి ఉంది. నేను నేల మీద కూర్చున్నాను. బోల్టుల సంగతి, గీత సంగతి, మూడు టక్కుల సంగతి, వరసగా చెప్పాను, ల్యాబులో చెప్పినట్టు.

ఆవిడ మడత ఆపలేదు. "చలికాలంలో నేనొచ్చి వారం ఉన్నాను, గుర్తుందా?" అంది.

"ఉంది."

"రోజూ జడ నన్నే వెయ్యమంది. 'చిన్నప్పుడు వేసినట్టు వెయ్యవే అమ్మా' అని నా ముందు చతికిలబడేది. ముసలిదానివవుతున్నావు, ఇంకా ఏం గారాలే అని నెత్తిన మొట్టాను కూడా." చేతిలో చీర మడత విప్పి మళ్ళీ మడిచింది. "గారం అనుకున్నాను నాయనా. మురిసిపోయాను."

ఆ చీర పక్కన పెట్టి ఇంకోటి తీసింది.

"బడిలో ఉన్నప్పుడు గంట కొట్టేది, నోటితో. పిల్లలంతా పుస్తకాలు సర్దుకునేవారట. పంతులమ్మ కూడా సర్దుకుందట ఒకసారి." నవ్వింది. ఆ నవ్వు చివర దాకా రాలేదు. "ఎవరికీ దొరికేది కాదు."

తర్వాత ఆవిడ నాలుక అంగిలికి ఆనించి 'టక్'మంది.

అదే చప్పుడు. నేను తల ఎత్తలేదు.

సెప్టెంబరు 11

కొత్తమ్మాయి వదులు బోల్టులతో పెట్టిన సెల్స్ నడుస్తున్నాయి. ఒక్కటీ పోలేదు. టెస్టర్ అరంతా పచ్చగా ఉంది. ఆ పిల్ల రోజుకి పదిసార్లు వెళ్ళి చూసి వస్తోంది, పొయ్యి మీద పాలు పెట్టినదానిలా.

పదకొండు ఖాళీగా ఉంది. అందులో ఏమీ పెట్టలేదు. నేను చెప్పలేదు, వాళ్ళే పెట్టలేదు.

సెప్టెంబరు 15

పెద్దాయన వచ్చి టెస్టర్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం బుర్రయ్యా ఆవిడది! అందరికీ టక్‌మనేదాకా అని పాఠం చెప్పి, తను మాత్రం వదులుగా పెట్టి చూసింది. ఒక్కమాట చెప్పనైనా లేదు. కావాలనే చేసిందంటావా?"

కొత్తమ్మాయి తల దించుకుంది. నేను చెప్పాను.

"అవునండీ. కావాలనే చేసింది."

అబద్ధం కాదు.

సెప్టెంబరు 18

కొత్తమ్మాయి పేపరు రాస్తోంది. మొదటి పేరు తనది, రెండోది ఆమెది. నాది వద్దన్నాను. పొడి ఎవరిదని అడిగితే ఏం చెప్పాలంది. సరే ఉంచమన్నాను, చివర.

"సార్, పదకొండుకి బిగువు ఎంతని రాయను?"

"చేత్తో బిగించినంత."

"అంకె అడుగుతారు సార్."

"నీవాటికి కొలిచావు కదా, ఆ అంకె వెయ్యి. ఆమెదానికి అలాగే రాయి. చేత్తో బిగించినంత."

రాసుకుంది. నా ముందే ఒకసారి చదివింది. చేత్తో బిగించినంత.

సెప్టెంబరు 19

పదకొండులో కొత్త సెల్ పెట్టమన్నాను. ఖాళీగా ఉంచడం ఎందుకు.

సెప్టెంబరు 21

ఆదివారం. అత్తయ్య మంచం పక్కన పెట్టె లేదు. వెతికాను. అటక మీద ఉంది, ఖాళీగా. అంత ఎత్తుకి ఎలా ఎక్కించిందో. అడగలేదు.

సాయంత్రం కాఫీ నేనే కలిపాను. పంచదార సీసా మూత పెట్టాను. ఆనించి, ఒక్క చుట్టు తిప్పి, వదిలేశాను. కాఫీ పొడిదీ అంతే. ఉప్పుది కూడా విప్పి మళ్ళీ వదులుగా పెట్టాను.

"మూతలు మళ్ళీ బిగించేస్తున్నావా నాయనా?" అని లోపల్నుంచి అరిచింది.

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. నాలుకతో టక్‌మన్నాను.

గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"అలా కాదు" అంది అత్తయ్య. "నాలుక ఇంకాస్త వెనక్కి పెట్టాలి."